మా హాల్లో దొరబావి వంతెన

మూడు నెలలుగా మా హాల్లో మనిషి నేరుగా నడిచే దారి లేదు. దివాన్ మంచం మీద ఒక ప్లైవుడ్ చెక్క, నా కుట్టుమిషన్ బల్ల మీద ఇంకో చెక్క, రెండింటి మధ్యా నాలుగడుగుల ఖాళీ. వంటింట్లోకి వెళ్లాలంటే ఆ ఖాళీలోంచి నడుం వంచి దూరాలి. వచ్చిన చుట్టాలు "ఇదేందమ్మా, ఇంట్లో పందిరేశారు?" అని అడుగుతున్నారు. పందిరి కాదు, అది నల్లమల లోయ. మావాడు దాని మీద దొరబావి వంతెన కడుతున్నాడు.

మావాడిది తొమ్మిదో తరగతి. వాడికి రైలంటే పిచ్చి. పామూరు పిల్లాడికి రైలు పిచ్చేంటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మా ఊరికి రైలు లేదు. రైలెక్కాలంటే బస్సెక్కి సింగరాయకొండకో, ఒంగోలుకో, మార్కాపురం రోడ్డుకో పోవాలి. నడికుడి నుంచి శ్రీకాళహస్తికి 309 కిలోమీటర్ల కొత్త లైను 2011-12 బడ్జెట్లో మంజూరైంది. దర్శి, పొదిలి, కనిగిరి మీదుగా అది మా ఊరికి కూడా రావాలి. పిడుగురాళ్ల వైపు నుంచి ముక్కలు ముక్కలుగా వస్తోంది. లైను మంజూరైనప్పుడు మావాడు పాలు తాగే పిల్లాడు. ఇప్పుడు వాడికి నూనూగు మీసాలు వస్తున్నాయి. రైలు వచ్చేలోపు తనే ఒకటి తెచ్చుకుందామనుకున్నాడో ఏమో, దసరాకి వాళ్ల మేనమామ ఇచ్చిన డబ్బులతో ఆన్‌లైన్‌లో ఒక రైలు సెట్టు తెప్పించాడు. ఒక ఇంజను, మూడు బోగీలు, గుండ్రంగా పట్టాలు. వారం రోజులు గిరగిరా తిప్పాడు. ఆ తర్వాత, "అమ్మా, ఇది ఎక్కడికీ పోవట్లేదే" అన్నాడు.

ఆ మాట మా నాయన చెవిన పడింది.

మా నాయన సంగతి ముందు చెప్పాలి. ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరి కీమన్‌గా రిటైరయ్యాడు. చేరింది 1966లో. దక్షిణ మధ్య రైల్వే పుట్టింది కూడా ఆ ఏడాదే, అక్టోబరు రెండున. "నేనూ, మా రైల్వే ఒక ఈడోళ్లం" అంటుంటాడు. ఉద్యోగమంతా గిద్దలూరు, దిగువమెట్ట, చెలమ మధ్యనే గడిచింది. నేను పుట్టి పెరిగింది రైల్వే క్వార్టర్లలోనే. అమ్మ పోయాక తమ్ముడు బెంగళూరు తీసుకెళ్లాడు. పదో అంతస్తులో పది రోజులుండి, "కిందికి చూస్తే మనుషులు చీమలు, పైకి చూస్తే ఏమీ లేదు" అని వచ్చేశాడు. ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నాడు. కూతురింటి అన్నం తినడం ఆయన తరం వాళ్లకి ఎంత కష్టమో మీలో చాలామందికి తెలుసు. పెన్షన్ పడిన రోజు నా మొగుడి చేతిలో డబ్బులు పెట్టబోతాడు. ఈయన తీసుకోడు. అప్పుడు మాకు చెప్పకుండా పోయి పాలవాడి బాకీ కట్టేసి వస్తాడు. రెండో ముద్ద వడ్డించబోతే చెయ్యి అడ్డం పెడతాడు. పైగా ఈమధ్య మతిమరుపు మొదలైంది. పొద్దున తిన్నది గుర్తుండదు. 1971లో ఏ వర్షానికి ఏ కిలోమీటరు రాయి దగ్గర కట్ట జారిందో మాత్రం గుర్తుంటుంది.

ఆయన ఆ గుండ్రటి పట్టాలు చూసి, "ఎక్కడికీ పోకపోతే దాన్ని రైలనరు రా, గానుగంటారు" అన్నాడు. అలా మొదలైంది.

మావాడు వీడియోలు చూస్తుంటే పక్కన కూర్చుని నేనూ కొంత నేర్చుకున్నాను. ఇదంతా పిల్లలాటేననుకున్నాను గానీ దీనికి పెద్ద చరిత్రే ఉంది. జర్మనీలో మార్క్‌లిన్ అనే బొమ్మల కంపెనీ 1891లో లైప్‌జిగ్ సంతలో పట్టాల వెడల్పులకి నంబర్లు పెట్టి రైళ్లు అమ్మింది. అప్పటిదాకా ఎవరి బొమ్మ వాళ్లదే, ఒకరి ఇంజను ఇంకొకరి పట్టా మీద నడవదు. లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ అనే ఆయన 1920లో కీ ఇచ్చి నడిపే రైళ్లు తెచ్చాడు. చిల్లులున్న ఇనప పట్టీలు, బోల్టులతో పిల్లలు క్రేన్లు కట్టుకునే మెకానో ఆట కూడా ఆయనదే. మన దేశంలో గ్వాలియర్ మహారాజు జైవిలాస్ ప్యాలెస్‌లో భోజనాల బల్ల మీద వెండి రైలు తిరుగుతూ అతిథులకి సారా, చుట్టలు అందించేది. ఇప్పటికీ ఆ రైలు అక్కడుంది. మా ఇంట్లో బంతిలో కూర్చున్నవాళ్లకి సాంబారు బకెట్టు తిప్పడమే పెద్ద పని, రైలొకటి ఉంటే బాగుండు. పూణేలో భావుసాహెబ్ జోషీ అనే ఆయన జీవితమంతా పోగేసిన రైలు నమూనాలతో 1998లో ఒక మ్యూజియమే తెరిచారు. ఊరూ, స్టేషనూ, కొండా అన్నీ పెట్టి అక్కడ రైళ్లు నడుపుతారు. ఎప్పటికైనా తీసుకెళ్తానని మావాడికి మాటిచ్చాను.

వాడు తెప్పించిన పట్టాల మధ్య వెడల్పు పదహారున్నర మిల్లీమీటర్లు. ప్రపంచంలో ఎక్కువమంది వాడే సైజు అదేనట. దాన్ని హెచ్.ఓ. అంటారు, సున్నా నంబరు సైజులో సగం అని అర్థం. ఆ లెక్కలో అసలు రైలుని 87తో భాగిస్తారు. కానీ మా నాయన ఉద్యోగం చేసింది మీటర్ గేజ్ మీద. మీటర్ గేజ్ అంటే పట్టాల మధ్య సరిగ్గా ఒక మీటరు, వెయ్యి మిల్లీమీటర్లు. మావాడు కాలిక్యులేటర్ తీసి వెయ్యిని పదహారున్నరతో భాగించాడు. అరవై వచ్చింది, కొద్దిగా ఎక్కువ. "తాతా, మనం అన్నిటినీ అరవైతో భాగిద్దాం. అప్పుడు ఇవే పట్టాలు నీ మీటర్ గేజ్ అయిపోతాయి" అన్నాడు. లెక్కల్లో వాడికొచ్చే మార్కులు నాకు తెలుసు కాబట్టి నేనే మళ్లీ ఒకసారి చేసి చూశాను. సరిగ్గానే ఉంది.

సెట్టుతో వచ్చిన ఇంజను పైతొడుగు పీకేసి, చక్రాలూ మోటారూ ఉంచుకుని, వాటి మీద శుభలేఖల అట్టతో కొత్త ఇంజను కట్టాడు. వైపీ రకం ఆవిరి ఇంజను. ప్యాసింజర్లకి వైపీ, గూడ్సులకి వైజీ అని మా నాయన చెప్పాడు. అందులో వై అంటే మీటర్ గేజ్ అని నలభై ఏళ్లొచ్చాక నాకు తెలిసింది. బోగీలు మాత్రం అసలు కొలతల కంటే పొట్టిగా చేయాల్సి వచ్చింది. లేకపోతే మలుపులో పక్కనున్న కొండకి గీసుకుంటాయి. కొలత తప్పినా చూపుకి సరిపోయేలా కుదించడం ఈ పనిలో ఒప్పుకున్న పద్ధతేనట.

కుదించడం దగ్గరే తాతకీ మనవడికీ మొదటి తగాదా వచ్చింది. మావాడు ముందు చెక్క మీదే జానెడెత్తు స్తంభాలు నిలబెట్టాడు. మా నాయన కుర్చీ లాక్కుని కూర్చుని, "ఇదేందిరా అబ్బీ, మోరీ కట్టినావా?" అన్నాడు. వాడికి రోషం వచ్చింది. "బల్ల ఇంతే ఉంది కదా తాతా!" అన్నాడు. "బల్ల ఇంతే ఉంటే బల్లను కొయ్యి. కొండను ఎవురైనా పెంచుతారా? లోయను దించాల" అన్నాడు ఈయన. అలా ఒక చెక్క రెండయింది. నా కుట్టుమిషను పోయింది. నేలనుంచి లేచిన అట్ట స్తంభాల మీద నాలుగడుగుల వంతెన వచ్చింది. వంతెన కింద నుంచి నేను ఇడ్లీ గిన్నె పట్టుకుని దూరుతున్నాను.

ఆ వంతెన గురించి తెలియనివాళ్లకి చెప్తాను. నంద్యాల నుంచి గిద్దలూరు వచ్చే పాత లైను గాజులపల్లె దాటాక నల్లమలలోకి ఎక్కుతుంది. చెలమకీ బొగదకీ మధ్య లోతైన లోయ, దాని మీద సన్నగా ఎత్తుగా దొరబావి వంతెన. బొగద అంటే తెలుగులో కొండను తొలిచిన సొరంగం. మరాఠీలోనూ బోగదా అంటారు. రైలు కోసం సొరంగం తొలిస్తే, ఆ సొరంగమే ఊరి పేరైపోయింది. బి.ఏ.లో నేను చదివిన స్థలనామాల పాఠంలో ఇలాంటి ముచ్చట ఒక్కటీ లేదు. మా అమ్మ దొరబావి రాగానే నా తల తన ఒళ్లోకి లాక్కుని కొంగు కప్పేసేది. కొంగులోంచి ఒక కన్ను తెరిచి చూస్తే కిటికీ కింద ఏమీ ఉండేది కాదు. నిజంగానే ఏమీ ఉండేది కాదు. కింద చెట్ల తలలు కనిపించేవి. చక్రాల చప్పుడు కూడా మారిపోయి బోలుగా వినిపించేది.

ఆ లైను ఎందుకు వేశారో తెలుసుకుందామని మొదలుపెడితే అది నన్ను కరువు దగ్గరికి తీసుకెళ్లింది. 1876 నుంచి 78 దాకా మద్రాసు రాజధానిలో పెద్ద కరువు. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి ధాత కరువన్నారు. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. అప్పట్లో గిద్దలూరు, మార్కాపురం కర్నూలు జిల్లా, మా పామూరు నెల్లూరు జిల్లా. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా అంతే. అంటే నా పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ ఆ కరువు పటంలోనే ఉన్నాయి. కరువు పనుల్లో మట్టి మోసేవాళ్లకి కూలి తగ్గించమని రిచర్డ్ టెంపుల్ అనే దొర చెప్పాడు. మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే మన కొలతలో నాలుగువందల యాభై గ్రాములు. మా ఇంట్లో నలుగురికి ఒక పూట ఎసట్లో పోసే బియ్యం దాదాపు అంతే. ఆ కాస్త తిని రోజంతా మట్టి తవ్వాలి. ఈ లెక్క చదివిన రోజు గ్లాసుతో బియ్యం కొలుస్తూ కాసేపు ఆగిపోయాను.

కరువయ్యాక 1880లో కరువు కమిషన్ నివేదిక ఇచ్చింది. ధాన్యం ఒక చోట ఉండి ఇంకో చోటికి చేరక జనం చనిపోయారు కాబట్టి ఎండు ప్రాంతాలకి రైళ్లు వేయాలంది. అలా వేసిన కరువు లైన్లలో మనదీ ఒకటి. బళ్లారి వైపు నుంచి కృష్ణ దాకా కాబట్టి బళ్లారి-కృష్ణా స్టేట్ రైల్వే అన్నారు. నడిపింది సదరన్ మరాఠా రైల్వే కంపెనీ. ఖర్చు తక్కువని మీటర్ గేజ్ వేశారు. 1880ల్లో నల్లమలని దాటించారు. 1890 నాటికి పడమటి తీరాన మార్మగోవా రేవు నుంచి ఈ వైపు కృష్ణ దాకా లైను కలిసింది. ధాన్యం లోపలికి వస్తుందని వేసిన లైను మీద సరుకు బయటికి కూడా పోతుంది కదా. రైలు వస్తే కరువు పోతుందన్న మాట సగమే నిజమని నాకనిపిస్తుంది. ఉన్నవాడు కొనుక్కోగల చోటికే బండి ధాన్యాన్ని మోస్తుంది. అయినా రైలు లేని ఊళ్లో ఉంటూ రైలుని తిట్టడానికి నాకు నోరు రాదు.

దొరబావి అనే పేరులో దొర ఉన్నాడు, బావి ఉంది. అడవిలో, చలిజ్వరాల మధ్య ఆ స్తంభాలకి రాళ్లూ సున్నం మోసినవాళ్ల పేరు ఏ స్టేషను బోర్డు మీదా లేదు.

సరే, మా కట్టుబడికి వద్దాం. మా ఆయనది సిమెంటు, ఇనుము కొట్టు. "ఇనుము అమ్మేవాడింట్లో అట్టముక్కల వంతెనా" అని ఒకసారి నవ్వాడు గానీ, డబ్బు మాటొస్తే ముఖం ముడుచుకున్నాడు. విదేశీ వీడియోల్లో చూపించే గడ్డి పొడులూ చెట్లూ కొనాలంటే మావాడి ఏడాది ఫీజు అవుతుంది. కాబట్టి ఇంట్లో ఉన్నవాటితోనే చేశాం. కొండలకి ఫ్రిజ్‌తో వచ్చిన థర్మకోల్. దాని మీద మైదా జిగురులో ముంచిన పేపరు ముక్కలు. ఆ పైన చింతగింజల పిండి ఉడకబెట్టి అందులో రంపప్పొట్టు కలిపి పూశాం. ఇది కొత్తదేమీ కాదు. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేసేవాళ్లు అతుకులు పెట్టేది ఈ ముద్దతోనే, దాన్ని మక్కు అంటారు. ఎండితే చెక్కలాగా ఉంటుంది. చెట్లకి ఎండిన వెంపలి మొక్కలు, వాటికి మిక్సీలో వేసిన స్పాంజి ముక్కలకి రంగు వేసి అద్దాం. (మిక్సీ జార్ సంగతి మా అత్తగారికి చెప్పొద్దు.) అడవిలో నేల మీద రాలిన ఆకుకి వాడేసిన టీపొడి ఎండబెట్టి చల్లాం. వాసన కూడా బాగుంది.

కొండ కోసిన చోట రాతి ముఖం ఎలా చేయాలని వాడు తంటాలు పడుతుంటే నాకే తట్టింది. మార్కాపురం పలకలు! మా చిన్నప్పుడు బడికి పట్టుకెళ్లినవి. ఇంట్లో పగిలిన పలక ఒకటుంది. సుత్తితో అంచు మీద చిన్నగా కొడితే పొరలు పొరలుగా విడిపోతుంది. ఆ ముక్కలు ఏటవాలుగా గుచ్చితే అచ్చం దిగువమెట్ట దగ్గర రైలు కిటికీలోంచి కనిపించే కొండ కోతలాగే ఉంది.

పట్టాల కింద కంకరకి మా కొట్టు దగ్గరి క్రషర్ పొడి జల్లెడ పట్టాం. దాన్ని పట్టాల మధ్య పోసి, మెత్తటి బ్రష్షుతో సర్ది, నీళ్లు కలిపిన ఫెవికాల్ ఇంకు ఫిల్లరుతో చుక్కచుక్కగా వదలాలి. ఉత్త ఫెవికాల్ నీళ్లు కంకర మీద ముత్యాల్లా నిలబడిపోతాయి, లోపలికి ఇంకవు. ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపితే చక్కగా పీల్చుకుంటుంది. ఇది మాత్రం వీడియోలో చెప్పిన కిటుకే. ఈ పని రెండు రాత్రులు నేనే చేశాను. ముగ్గు వేసిన చెయ్యి కదా, తిన్నగా వస్తుంది.

ఇంత చేశాక రైలు నడిపితే, వంతెన ఎక్కే మలుపులో పడిపోయింది. మళ్లీ పెడితే మళ్లీ అక్కడే పడింది. మావాడు చక్రాలు మార్చాడు, బోగీలో బరువుకి నట్లు పెట్టాడు, పట్టాలు స్పిరిటుతో తుడిచాడు. ఈ బొమ్మరైలుకి కరెంటు పట్టాల్లోంచే వస్తుంది కాబట్టి దుమ్ముంటే ఆగుతుంది, కానీ పడిపోదు. మూడో రోజు వాడు ఏడుపు ముఖంతో పడుకున్నాడు.

మా నాయన రాత్రిపూట నిద్ర పట్టక లేస్తుంటాడు. ఆ రాత్రి హాల్లో లైటు వెలుగుతుంటే వెళ్లి చూశాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, చెంప ప్లైవుడ్డుకి ఆనించి, ఒక కన్ను మూసి పట్టా వెంట చూస్తున్నాడు. చిన్నప్పుడు గ్యాంగు మేస్త్రీలు లైను మీద అలాగే చూడటం నాకు తెలుసు. పట్టా మీద తల వాల్చి దూరంగా చూస్తే వెంట్రుకవాసి వంకర కూడా కనపడుతుంది. "అతుకు కాడ మోచెయ్యి మాదిరి మలిగింది. మలుపు మెత్తగా తిరగాల, విరగగూడదు" అన్నాడు. నన్ను చూసి కాదు, పట్టాతో అన్నట్టు అన్నాడు. తర్వాత, "బయటి పట్టా ఎత్తు లేదు" అన్నాడు.

పొద్దున్నే మావాడికి చెప్పాడు. అసలు లైను మీద మలుపులో బయటి పట్టాని లోపలిదాని కంటే కొంచెం ఎత్తుగా వేస్తారు. బండి బయటికి తోసుకుపోకుండా లోపలికి వాలుతుంది. మావాడు అతుకు విప్పి సరిచేసి, బయటి వైపు పట్టా కింద అట్ట పేలిక దూర్చాడు. బండి వంతెన ఎక్కింది. ఎక్కుతుంటే మలుపులో ఒకవైపుకి ఒరిగింది చూడండి, నిజం రైలు ఒరిగినట్టే ఒరిగింది. ఆ పూట మా నాయన రెండో ముద్దకి చెయ్యి అడ్డం పెట్టలేదు.

ఇదంతా తేటగా ఉన్న రోజుల మాట. అన్ని రోజులూ ఒకలా ఉండవు. పోయిన నెల ఒకరోజు తెల్లవారుజామున లేచి చూస్తే మంచం మీద ఆయన లేడు. మా ఆయన బండి తీసి ఒక దిక్కు, మావాడు సైకిలు మీద ఇంకో దిక్కు వెళ్లారు. వేణుగోపాలస్వామి గుడి దగ్గర లేడు, బస్టాండులో లేడు. కొత్త లైను వెళ్తుందని చెప్పుకునే వైపు పొలాల్లో దొరికాడు. భుజాన తువ్వాలు, చేతిలో కొట్లోంచి తెచ్చుకున్న స్పానరు. మావాణ్ణి చూసి, "పట్టాలేవిరా? రాత్రి ఎవురు పీకినారు?" అని అడిగాడట. మావాడు నాకు ఆ మాట చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

పట్టాలు నిజంగానే పీకారు. 1992లో దేశమంతా ఒకే గేజ్ చేయాలని యూనిగేజ్ పథకం మొదలైంది. మన లైను కూడా ఆ దశాబ్దంలోనే బ్రాడ్ గేజ్ అయింది. ఒక మీటరు కాస్తా 1676 మిల్లీమీటర్లు అయింది. సరిగ్గా అయిదున్నర అడుగులు, అంటే మా నాయన పొడుగు. దొరబావి వంతెనని వెడల్పు చేయకుండా పక్కనుంచి కొత్త దారిలో లైను వేశారు. పాత వంతెన మీది ఇనుము తీసేశారు. స్తంభాలు అడవిలో అలాగే నిలబడి ఉన్నాయి. ముప్ఫై ఏళ్లు రోజూ తాను నడిచిన దారిలో పట్టాలు లేవని ఆయన ఇప్పుడు అడగడంలో తప్పేముంది?

ఆ రోజు తర్వాత తమ్ముడు ఫోన్ చేసి, "బెంగళూరులో డాక్టర్లున్నారు, పంపించక్కా" అన్నాడు. మా ఆయన ఫోన్ తీసుకుని, "మామ ఇక్కడే ఉంటాడు. పని సగంలో ఉంది" అన్నాడు. ఏం పని అని తమ్ముడు అడిగినట్టున్నాడు. ఈయన చెప్పకుండా ఫోన్ నాకిచ్చేశాడు. గేటుకి గొళ్లెం మాత్రం మార్పించాడు, పైన ఇంకోటి పెట్టించాడు.

ఇప్పుడు మిగిలింది మనుషులు. బొమ్మరైళ్ల దుకాణాల్లో ప్లాట్‌ఫారం మీద కోట్లు వేసుకుని, పెట్టెలు పట్టుకుని నిలబడే ప్రయాణికుల బొమ్మలు అమ్ముతారు. "తాతా, మన బండికి ఎవర్ని పెడదాం?" అని మావాడు అడిగితే మా నాయన చాలాసేపు ఆలోచించాడు. తర్వాత చెప్పుకుంటూ పోయాడు. కీమన్ ఒకడు. భుజాన సుత్తి, స్పానరు, చంకలో ఎర్రజెండా, పచ్చజెండా చుట్టి ఉండాలి. సంచిలో పటాకులుండాలి. ముందు ప్రమాదముంటే పట్టా మీద పెట్టి బండిని ఆపడానికి వాడే పటాకులు. కీమన్ తన బీటు మొత్తం రోజూ నడిచి, స్లీపరుకి పట్టాని పట్టి ఉంచే తాళాలు వదులైనచోట కొట్టుకుంటూ పోతాడు. వానాకాలం రాత్రిపూట లాంతరుతో నడిచేవాడు వేరే. వంతెన మీద నడుస్తుంటే బండి వస్తే పక్కకి తప్పుకోవడానికి మధ్య మధ్య చిన్న అరుగుల్లాంటివి బయటికి ఉండాలి. "అవి ల్యాకుండా కట్టినావు, నీ వంతెన మీద మనిషి యాడ నిలబడాల?" అన్నాడు. మావాడు నాలుగు అరుగులు అతికించాడు, వాటికి సన్నటి తీగతో కటకటాలు కూడా కట్టాడు.

మనిషిని నేను చేశాను. అయిదున్నర అడుగుల్ని అరవైతో భాగిస్తే ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు. నా చిటికెనవేలి గోటికి రెండింతలు పొడుగు. గోధుమపిండి, ఫెవికాల్ కలిపిన ముద్దతో చేసి, ఎండాక ఖాకీ నిక్కరు, తలకి తువ్వాలు రంగు వేశాను. సుత్తికి గుండుసూది. ముఖం వేయడానికి బ్రష్షు సరిపోలేదు, అలాగే వదిలేశాను. మా నాయన అరచేతిలో పెడితే చత్వారం కళ్లద్దాలు పైకీ కిందికీ జరుపుకుని చూశాడు.

మావాడు వంతెన మధ్యలో రెండో అరుగు దగ్గర చుక్క జిగురు పెట్టి, "తాతా, ఎటు తిప్పి పెట్టాలి?" అని అడిగాడు.

"చెలమ దిక్కు పెట్టు. పొద్దుటి బీటు గదా, ఎండ ఈపున పడతాది" అన్నాడు మా నాయన.